తేలికపాటి బేస్ యాంప్: ఇంట్లో నిండుగా పలుకుతుంది, మందిరంలో మాయమవుతుంది

నాలుగుతీగలు (విజయవాడ)

అందరికీ నమస్కారం. నేను ఆరేళ్లుగా మా మందిరంలో ఆదివారం ఆరాధనకు బేస్ గిటార్ వాయిస్తున్నాను. ఇంతకాలం ఒక స్నేహితుడి పాత కాంబో యాంప్‌ను, అంటే 15 అంగుళాల స్పీకరు ఉన్న 100 వాట్ల పెట్టెను, అరువు తెచ్చుకుని వాడాను. దాన్ని ఎత్తడానికి ఇద్దరు మనుషులు కావాలి, ఆటో ఖర్చు వేరే. మూడు నెలల క్రితం, ముందు పలక మీదే 500 వాట్లు అని రాసి ఉన్న క్లాస్-డి హెడ్ (స్పీకరు లేని, తేలిక రకం యాంప్) ఒకటి, 12 అంగుళాల స్పీకరు ఒక్కటే ఉన్న 8 ఓమ్‌ల క్యాబినెట్ (స్పీకరు పెట్టె; ఓమ్‌లు అంటే కరెంటుకు అది చూపే అడ్డు) ఒకటి కొనుక్కున్నాను. హెడ్ మూడు కిలోలు కూడా తూగదు కనుక దాన్ని భుజాన సంచిలో వేసుకుని, క్యాబినెట్‌ను స్కూటరు మీద కాళ్ల దగ్గర పెట్టుకుని వెళ్లిపోతున్నాను.

ఇంట్లో ఈ యాంప్ ముచ్చటగా పలుకుతుంది. కింది శబ్దాల బేస్ నాబ్‌ను గడియారంలో 3 గంటల చోటికి, నడిమి శబ్దాల మిడ్‌ను 9 గంటల చోటికి, పై శబ్దాల ట్రెబుల్‌ను 2 గంటల చోటికి తిప్పి పెట్టుకున్నాను. గెయిన్ (గిటార్ నుంచి వచ్చే సంకేతాన్ని పెంచే నాబ్) పెంచితే శబ్దం పగులుతుందని ఎవరో చెప్పగా విని దాన్ని 9 గంటల దగ్గరే ఉంచి, కావలసిన శబ్దాన్ని మాస్టర్‌తో, అంటే చివరి వాల్యూమ్ నాబ్‌తో, తెచ్చుకుంటున్నాను. ఇదే అమరికతో మందిరానికి వెళ్తే, డ్రమ్స్, కీబోర్డు, అకౌస్టిక్ గిటార్ మొదలవగానే నా వాద్యం ఎటు పోతుందో తెలియదు. మాస్టర్‌ను చివరిదాకా తిప్పినా నాకు వినిపించేది ఒక మసక మోత మాత్రమే. లావు తీగను ఖాళీగా మీటి ఇ స్వరం వాయిస్తే స్పీకరు పటపటా కొట్టుకుంటుంది తప్ప స్వరం రాదు.

వింత ఏమిటంటే, ముందు వరుసలో చాప మీద కూర్చునే ఒక పెద్దమ్మ గారు ప్రతి ఆదివారం రెండో పాటకల్లా తన చాపను వెనక్కి లాక్కుంటున్నారు. గుండెల మీద గుద్దుతున్నట్టు ఉందని ఆమె అంటారు. నాకేమో వినిపించనే వినిపించదు. హాలు 15 మీటర్ల పొడవు, 9 మీటర్ల వెడల్పు, 4 మీటర్ల ఎత్తున స్లాబు, నేలంతా టైల్స్. వేదిక లేదు కనుక మేమూ అదే నేల మీద నిలబడి వాయిస్తాం. 100 వాట్ల పాత పెట్టె ముందు 500 వాట్ల కొత్తది ఎందుకు చిన్నబోతోంది? నేను మోసపోయానా, లేక నాకే దాన్ని తిప్పడం చేతకావడం లేదా?

పాతవాల్వు (చెన్నై)

మీరు మోసపోలేదు గాని తూకం మాట మరిచిపోయారు. 1969లో ఆంపెగ్ కంపెనీ ఎస్.వి.టి. అనే వాల్వు యాంప్‌ను తెచ్చినప్పుడు దాని శక్తి 300 వాట్లు. ఒక్క హెడ్డే 35 కిలోలకు పైబడి తూగేది, దాని కింద 10 అంగుళాల స్పీకర్లు ఎనిమిది బిగించిన పెట్టె ఉండేది. నేను కుర్రతనంలో అలాంటి హెడ్డును మేడ మెట్ల మీదుగా మోసినవాణ్ణి కనుక, ఆ 300 వాట్ల ముందు ఇప్పటి తేలిక డబ్బాల 800 వాట్లు కూడా నిలబడవని నా చెవుల సాక్షిగా చెప్పగలను. ట్రాన్స్‌ఫార్మర్‌లో ఇనుము లేనిదే శబ్దంలో కండ ఉండదు. పాత పెట్టెను తిరిగి తెచ్చుకోండి.

సోల్డర్‌పొగ (హైదరాబాద్)

పాతవాల్వు గారి అనుభవం మీద నాకు గౌరవం ఉంది, కాని ఇనుము సిద్ధాంతాన్ని ఒప్పుకోలేను. నేను కోఠి గుజరాతీ గల్లీలో విడిభాగాలు కొనుక్కుని యాంప్‌లు బాగుచేసే పనిలో ఇరవై ఏళ్లుగా ఉన్నాను. పాత యాంప్‌లో బరువంతా గోడ నుంచి వచ్చే 50 హెర్ట్జ్ కరెంటును నేరుగా మార్చే ట్రాన్స్‌ఫార్మర్‌ది, వేడిని బయటికి పంపే అల్యూమినియం రెక్కలది. కొత్త యాంప్‌లో ఆ కరెంటును ముందు డి.సి.గా మార్చి, సెకనుకు వేల కొద్దీ సార్లు ఆన్, ఆఫ్ చేసి, అరచేతిలో పట్టే ట్రాన్స్‌ఫార్మర్ గుండా పంపుతారు. పౌనఃపున్యం పెరిగిన కొద్దీ అదే శక్తికి కావలసిన ఇనుము తగ్గిపోతుంది. క్లాస్-డి అంచెలో ట్రాన్సిస్టర్లు కూడా పూర్తిగా తెరుచుకోవడం, పూర్తిగా మూసుకోవడం తప్ప సగం తెరిచి ఉండవు కనుక వాటిలో వేడిగా వృథా అయ్యే శక్తి బాగా తక్కువ. కాబట్టి బరువు తగ్గింది గాని వాటు వాటుగానే ఉంది.

పాతవాల్వు గారి చెవులు విన్నదానికి మాత్రం వేరే కారణం ఉంది. వాల్వు యాంప్‌ను దాని హద్దు దాటించి తోస్తే శబ్దపు శిఖరాలు మెల్లగా ఒంగి, నడుమ భాగం నిండుగా పైకి వస్తుంది. ఆ ఒంపు చెవికి హాయిగా ఉంటుంది కనుక వాద్యకారుడు రాసి ఉన్న వాట్లకు మించి వాడుకోగలుగుతాడు. క్లాస్-డి యాంప్‌లో హద్దు దగ్గర, శబ్దాన్ని అంతకు మించనివ్వని లిమిటర్ గోడలా నిలబడుతుంది. అక్కడికి చేరాక ఎంత గట్టిగా మీటినా అంతే. పైగా ఎనిమిది స్పీకర్లు కదిలించే గాలికీ, ఒక్క 12 అంగుళాల స్పీకరు కదిలించే గాలికీ పోలికే లేదు. ఆ రోజు ఆయన విన్నది ఎక్కువగా ఆ ఎనిమిదింటిని.

ఇక మీ లెక్క చూద్దాం. 500 వాట్లు అని రాసినది సాధారణంగా 4 ఓమ్‌ల భారానికి. మీ క్యాబినెట్ 8 ఓమ్‌లు కనుక యాంప్ ఇచ్చేది 300 వాట్ల దాపు అయి ఉండవచ్చు. ఫెండర్ రంబుల్ 500 యాంప్‌నే తీసుకుంటే, లోపలి స్పీకర్లతో 8 ఓమ్‌ల మీద 350 వాట్లు, మరో 8 ఓమ్‌ల పెట్టె తగిలిస్తే 4 ఓమ్‌ల మీద 500 వాట్లు అని వాళ్లే చెబుతారు. ఇందులో దాపరికం లేదు, భయపడవలసినదీ లేదు. 500 నుంచి 300కు దిగితే తగ్గేది 2 డెసిబెల్‌ల చిల్లర. శక్తిని రెట్టింపు చేస్తే పెరిగేది 3 డెసిబెల్‌లు, చెవికి శబ్దం రెట్టింపైనట్టు తోచాలంటే దాదాపు 10 డెసిబెల్‌లు కావాలి, అంటే శక్తి పది రెట్లు కావాలి. మీ పాత 100 వాట్లకూ కొత్త 500 వాట్లకూ కాగితం మీద ఉన్న తేడాయే 7 డెసిబెల్‌లు. పాత పెట్టెలోని 15 అంగుళాల స్పీకరు ఒక్క వాటుకు 99 డెసిబెల్‌లు ఇచ్చేదై, కొత్తది 93 మాత్రమే ఇచ్చేదైతే ఆ లాభమంతా అక్కడికక్కడే హారతి కర్పూరమైపోయినట్టు. స్పీకరు వెనుక లేదా కంపెనీ పత్రంలో ఆ సంఖ్య ఉంటుంది, ఒకసారి చూడండి.

అయితే మీ అసలు చిక్కు ఇది కాదని నా అనుమానం. గెయిన్ 9 గంటల దగ్గర, మాస్టర్ చివరిదాకా అన్నారు. మీ గిటార్ బ్యాటరీ లేని పాసివ్ రకమా? యాంప్ ముందు ఆక్టివ్ అనే బటన్ నొక్కి ఉందా?

ఎడమచెయ్యి (గుంటూరు)

బ్రదర్, మీ కీబోర్డు వాయించే వ్యక్తి ఎడమ చేతితో ఏమి వాయిస్తున్నారో గమనించారా? నేనూ మందిరంలో కీబోర్డు వాయిస్తాను, చాలాకాలం ఈ పాపం నేనూ చేశాను. బేస్ వాయించే మనిషి లేని రోజుల్లో అలవాటైన ఎడమ చేయి, ఆయన వచ్చిన తరువాత కూడా అవే కింది స్వరాలను గట్టిగా పట్టుకుని ఉంటుంది. దానికి తోడు కీబోర్డు నేరుగా పెద్ద స్పీకర్లలోకి వెళ్తుంది కనుక గెలుపు దానిదే. పాట మొదలయ్యే ముందు ఆయనతో మర్యాదగా మాట్లాడి, ఎడమ చేతిని ఒక స్థాయి పైకి జరపమనండి. దీనికి పైసా ఖర్చు లేదు.

జెర్సీబేస్ (న్యూజెర్సీ)

ఇక్కడి తెలుగు సంఘాల వేడుకల్లో వాయించే బృందంలో నేను బేస్ వాయిస్తాను. పాఠశాలల ఆడిటోరియాల్లో, హోటళ్ల హాళ్లలో మీరు చెప్పిన కథ నాకూ జరిగింది కనుక నాబ్‌ల సంగతి నేను చెబుతాను.

బేస్ పెంచి, మిడ్ తగ్గించి, ట్రెబుల్ పెంచే అమరిక ఒంటరిగా వాయించేటప్పుడు ఎంతో ఇంపుగా ఉంటుంది. దీనికి కారణం మన చెవిలోనే ఉంది. తక్కువ శబ్దంలో మన చెవికి మంద్ర స్వరాలు సరిగా ఆనవని 1933లోనే ఫ్లెచర్, మన్సన్ అనే శాస్త్రవేత్తలు కొలిచి చూపించారు. శబ్దం పెరిగిన కొద్దీ ఆ లోటు తగ్గిపోతుంది. ఇంట్లో పక్కింటివారికి భయపడి మెల్లగా వాయిస్తూ చెవి లోటును బేస్ నాబ్‌తో పూడ్చుకుంటాం. అదే అమరికను హాలులో పెద్ద శబ్దానికి తీసుకుపోతే పూడ్చవలసిన లోటు అక్కడ లేదు, పోసిన మట్టి మాత్రం మిగులుతుంది. అందువల్ల మొదటి నియమం, హాలు కోసం పెట్టే అమరికను హాలులోనే, అందరూ వాయిస్తుండగా పెట్టాలి.

రెండవది శక్తి లెక్క. నాలుగు తీగల బేస్‌లో ఖాళీ ఇ స్వరం 41 హెర్ట్జ్, ఎ 55, డి 73, జి 98. బేస్ నాబ్‌ను ఎక్కువగా తిప్పి ఆ అడుగు భాగాన్ని 12 డెసిబెల్‌లు పెంచితే, అక్కడ యాంప్ మునుపటికన్నా దాదాపు 16 రెట్ల శక్తి ఇవ్వవలసి వస్తుంది. అదే శబ్దాన్ని సగం పౌనఃపున్యం దగ్గర ఇవ్వాలంటే స్పీకరు పొర నాలుగు రెట్లు ఎక్కువ దూరం ముందుకూ వెనక్కూ ఊగాలి. చిన్న పెట్టెలోని ఒక్క 12 అంగుళాల స్పీకరుకు అంత ఊపు లేదు. మీరు విన్న పటపట చప్పుడు అదే. యాంప్‌లో ఇంకా శక్తి మిగిలి ఉండగానే స్పీకరు ఊపు అయిపోయింది.

మరి స్వరం ఎక్కడ వినిపిస్తుందంటారా? ఇ స్వరం వాయించినప్పుడు 82 హెర్ట్జ్ దగ్గర, 123 దగ్గర, ఆపైన కూడా దాని అనుస్వరాలు (అసలు స్వరంతో పాటు పలికే పై స్వరాలు) పలుకుతాయి. వాటి వరుసను బట్టి మన మెదడు కింది స్వరాన్ని తానే ఊహించుకుంటుంది. 200 నుంచి 500 హెర్ట్జ్ మధ్యలో వాద్యానికి ఒళ్లు ఉంటుంది, 800 నుంచి 1000 దగ్గర వేలు తీగను తాకిన స్పష్టత ఉంటుంది. డ్రమ్ముల చప్పుడులోంచి, కీబోర్డు కిందినుంచి దూరి బయటికి వచ్చే దారులు ఇవే, మీరు ఆ దారులనే 9 గంటల దగ్గర మూసేశారు. బేస్‌ను 11 గంటలకు దించండి, మిడ్‌ను 1 లేదా 2కు పెంచండి, ట్రెబుల్‌ను 12 దగ్గర వదిలేయండి. ఒంటరిగా వింటే ముక్కుతో పాడినట్టు ఉంటుంది, పట్టించుకోకండి. మందిరంలో మిమ్మల్ని ఒంటరిగా వినేవారు ఎవరూ లేరు.

అన్ని నాబ్‌లనూ 12 గంటల దగ్గర పెడితే సమంగా ఉన్నట్టే అనుకోవడం మాత్రం ప్రమాదం. మార్క్‌బాస్ యాంప్‌లలో వి.పి.ఎఫ్. అనే నాబ్ తిప్పిన కొద్దీ 380 హెర్ట్జ్ చుట్టూ ఉన్న మిడ్‌ను తోడేస్తుంది, వి.ఎల్.ఇ. అనేది పై భాగాన్ని కోస్తుంది; ఆ రెండూ పూర్తిగా ఎడమకు ఉంటేనే ఏమీ చేయనట్టు. రంబుల్ యాంప్‌లలో కాంటూర్ బటన్ కూడా మిడ్‌ను తగ్గించేదే. మీ యాంప్‌లో అలాంటి బటన్ ఏదైనా నొక్కి ఉంటే ముందు దాన్ని వదిలేయండి.

నాలుగుతీగలు (విజయవాడ)

ఇంత ఓపికగా చెప్పినందుకు అందరికీ కృతజ్ఞతలు. సోల్డర్‌పొగ గారూ, మీ అనుమానం నిజమే. నాది పాసివ్ గిటార్. యాంప్ మీద ఆక్టివ్ బటన్ నొక్కే ఉంది. ఆక్టివ్ అంటే చురుకుగా పనిచేస్తుంది కాబోలు అనుకుని కొన్న రోజే నొక్కాను. చెప్పుకోవడానికి సిగ్గుగా ఉంది.

సోల్డర్‌పొగ (హైదరాబాద్)

సిగ్గుపడకండి, నా బల్ల మీదకు వచ్చే పాడైన యాంప్‌లలో కొన్నింటి రోగం ఆ బటనే. బ్యాటరీతో నడిచే గిటార్ల బలమైన సంకేతాన్ని తగ్గించి తీసుకోవడానికి అది ఉంటుంది. చాలా యాంప్‌లలో అది దాదాపు 10 డెసిబెల్‌లు కోస్తుంది. ఒక పక్క ఆ కోత, మరో పక్క 9 గంటల దగ్గర గెయిన్. కుళాయి దగ్గర నీళ్లే రానప్పుడు తోటలో పైపును ఎంత పెద్దగా తెరిస్తే ఏం లాభం?

బటన్ వదిలేసి, మాస్టర్‌ను పూర్తిగా తగ్గించి, మీరు పాటలో వాయించే అత్యంత గట్టి దెబ్బతో వాయిస్తూ గెయిన్‌ను మెల్లగా పెంచండి. సంకేతం హద్దు దాటిందని చెప్పే క్లిప్ దీపం అప్పుడప్పుడు మిణుకుమన్న చోట ఆగి కొంచెం వెనక్కి రండి. ఆ తరువాతే మాస్టర్. మాస్టర్ నాబ్ స్థానం వాట్ల కొలబద్ద కాదని గుర్తుంచుకోండి. గెయిన్ బాగా ఉంటే మాస్టర్ 12 గంటల దగ్గరే యాంప్ తన పూర్తి శక్తికి చేరుకోవచ్చు, గెయిన్ చాలకపోతే చివరిదాకా తిప్పినా సగానికి చేరకపోవచ్చు. ఈక్వలైజర్‌ను, అంటే బేస్, మిడ్, ట్రెబుల్ నాబ్‌లను, మార్చినప్పుడల్లా గెయిన్‌ను మళ్లీ సరిచూసుకోండి.

నాలుగుతీగలు (విజయవాడ)

ఆదివారం వాయించి వచ్చి రాస్తున్నాను. గెయిన్ 1 గంట దగ్గర నిలిచింది, మాస్టర్ 11 దాటవలసిన అవసరం రాలేదు, మిడ్ పెంచాక నా స్వరాలు నాకే కాదు, డ్రమ్స్ వాయించే తమ్ముడికి కూడా వినిపించాయి. ఎడమచెయ్యి గారి సలహా కొంత సున్నితమైన వ్యవహారం గనుక పాస్టర్ గారి ద్వారా నడిపించాను, అది కూడా పనిచేసింది.

ఒక సమస్య మాత్రం పోలేదు. ఎ, డి తీగల మీద స్వరాలు చక్కగా నిలుస్తున్నాయి గాని, లావు తీగ మీద ఖాళీ ఇ, దాని పక్కనున్న ఎఫ్ స్వరాలు నేను నిలబడి ఉన్న చోట మునిగిపోతున్నాయి. పెద్దమ్మ గారు మళ్లీ చాప లాక్కున్నారు. పాట మధ్యలో జారిన గిటార్ పట్టీని సరిచేసుకోవడానికి నేను మోకాళ్ల మీద కూర్చుంటే, ఆశ్చర్యంగా అదే ఇ స్వరం ఒక్కసారిగా ముంచుకొచ్చింది. ఇది నా భ్రమా?

సోల్డర్‌పొగ (హైదరాబాద్)

భ్రమ కాదు, మీ స్లాబు ఎత్తు. నాకు ఈ చర్చలో అన్నిటికన్నా నచ్చిన ప్రశ్న ఇదే కనుక కాస్త విస్తరించి చెబుతాను.

నేల, స్లాబు రెండూ గట్టివి, ఒకదానికొకటి ఎదురెదురుగా ఉన్నవి. వాటి మధ్య శబ్దం పైకీ కిందికీ తగిలి తిరుగుతూ ఉంటుంది. తరంగదైర్ఘ్యంలో సగం సరిగ్గా ఆ ఎత్తుకు సమానమైన స్వరం దగ్గర, పోయే అలా వచ్చే అలా కలిసి గాలిలో ఒకచోట నిలిచిపోయిన అలగా మారుతాయి. గాలిలో శబ్దవేగం సెకనుకు 343 మీటర్లు అనుకుంటే, దాన్ని ఎత్తుకు రెట్టింపుతో, అంటే 8తో భాగించండి. 43 హెర్ట్జ్ వస్తుంది. మీ ఇ స్వరం 41, ఎఫ్ స్వరం దాదాపు 44. మీ హాలు ఎంచి ఎంచి ఆ రెండింటినే పట్టుకుంది. ఇలా నిలిచిన అలలో పీడనం నేల దగ్గర, స్లాబు దగ్గర అత్యధికంగా, సరిగ్గా మధ్యలో అత్యల్పంగా ఉంటుంది. మధ్య అంటే నేల నుంచి 2 మీటర్లు. నిలబడిన మనిషి చెవి 1.6 మీటర్ల దగ్గర, అంటే ఆ గొయ్యి అంచులోనే ఉంటుంది. చాప మీద కూర్చున్న మనిషి చెవి గుట్ట వైపు ఉంటుంది. మీకు వినిపించక మీరు పెంచిన ప్రతి గీతా పెద్దమ్మ గారి గుండెల మీదకే వెళ్లింది.

దీన్ని నాబ్‌తో పూడ్చలేరు. మీ చెవి ఉన్న చోట గొయ్యి అలాగే ఉంటుంది, వాళ్ల చోట గుట్ట ఇంకా పెరుగుతుంది. కాబట్టి కింది భాగాన్ని తగ్గించి, నిలబడినవారికీ కూర్చున్నవారికీ సమానంగా అందే పై అనుస్వరాల మీద ఆధారపడటమే మార్గం. మీ యాంప్‌లో హై-పాస్ ఫిల్టర్ (పెట్టిన హద్దుకు కింది శబ్దాన్ని కోసేది) ఉంటే 40 హెర్ట్జ్ దాకా తేండి. లేకపోతే బేస్ నాబ్‌ను 10 గంటలకు దించండి. స్పీకరు పటపటలాడటం కూడా దీనితోనే ఆగుతుంది.

పెట్టె స్థానాన్ని కూడా చూడండి. గోడకు ఎడంగా పెడితే వెనుక గోడకు తగిలి తిరిగి వచ్చే శబ్దం ముందుకు పోయేదానికి ఎదురు తిరిగి కొన్ని స్వరాలను తినేస్తుంది. స్పీకరు పొర నుంచి గోడ 1 మీటరు దూరంలో ఉంటే తినబడేది 86 హెర్ట్జ్ చుట్టుపక్కల, అంటే సరిగ్గా మీ వాద్యం నడుమున. పెట్టెను గోడకు దాదాపు ఆనించి, ఆ దూరాన్ని 45 సెంటీమీటర్లకు తగ్గిస్తే ఆ గొయ్యి 190 హెర్ట్జ్ దాకా జరిగి అంతగా బాధించదు. మూలలో మాత్రం పెట్టకండి, రెండు గోడలూ నేలా కలిసి మోతను పెంచేస్తాయి. యాంప్ వెనుక గాలి ఆడేంత సందు ఉంచండి. మన ఎండల్లో ఫ్యాను నోరు మూసుకుపోయిన యాంప్ తనను తాను కాపాడుకోవడానికి ఆగిపోతుంది.

జెర్సీబేస్ (న్యూజెర్సీ)

పైదానికి చిన్న చేర్పు. స్పష్టతనిచ్చే పై శబ్దాలు 12 అంగుళాల స్పీకరు నుంచి టార్చిలైటు వెలుగులా సూటిగా పోతాయి. పెట్టె నేల మీద, మీరు దాని పక్కనే ఉంటే ఆ వెలుగు మీ మోకాళ్లకు పడుతుంది. నడుము ఎత్తు బల్ల మీద పెట్టండి, లేదా ముఖం పైకి తిరిగేలా వెనక్కి వాల్చండి. మాస్టర్ ముట్టుకోకుండానే శబ్దం పెరిగినట్టు అనిపిస్తుంది.

అలలు (విశాఖపట్నం)

మధ్యలో అడ్డువస్తున్నందుకు మన్నించండి. మా అన్నయ్య అమెరికా నుంచి వస్తూ తేలికపాటి బేస్ హెడ్ ఒకటి తెస్తానంటున్నాడు. అది ఇక్కడి కరెంటుకు పనిచేస్తుందా?

సోల్డర్‌పొగ (హైదరాబాద్)

వెనుక పలక మీద 100 నుంచి 240 అని ఉంటే ప్లగ్ తీగ మార్చుకుంటే చాలు. 120 అని మాత్రమే ఉంటే మన 230 వోల్టులకు తగిలించిన క్షణమే దాని ఆయువు తీరుతుంది. కొన్నింటిలో మార్చుకునే స్విచ్ ఉంటుంది, కొన్నింటిని మెకానిక్ లోపల మార్చాలి, కొన్నింటిని మార్చనే లేము. పెట్టెలో సర్దుకోకముందే ఆ పలకను ఫోటో తీసి పంపమనండి.

నాలుగుతీగలు (విజయవాడ)

రెండు వారాల సంగతులు. మొదట పాటల పుస్తకాల రేకు పెట్టె మీద క్యాబినెట్‌ను పెట్టాను. ప్రతి ఎ స్వరానికీ ఆ పెట్టె గలగలలాడటంతో చెక్క బల్ల మీదకు మార్చాను. గోడకు జరిపాను, బేస్ 10 గంటలకు దించాను. ఇ స్వరం ఇప్పుడు ఉరమదు గాని వినిపిస్తుంది, ఏ స్వరమో తెలుస్తుంది.

అంతటితో ఆగక, పాత స్నేహితుడి దగ్గర మరో 8 ఓమ్‌ల 12 అంగుళాల క్యాబినెట్ ఉంటే తెచ్చి రెండూ కలిపాను. 4 ఓమ్‌లు అవుతాయి, 500 వాట్లూ వస్తాయి, శబ్దం పొంగిపోతుందని ఆశపడ్డాను. తీరా చూస్తే కింది భాగమంతా ఎండిపోయి, ఒక్క క్యాబినెట్‌తో ఉన్నంత కూడా లేదు. రెండు పెట్టెలనూ విడివిడిగా వాయిస్తే బాగానే ఉన్నాయి.

సోల్డర్‌పొగ (హైదరాబాద్)

విడిగా బాగుండి, కలిస్తే కింది భాగం పోయిందంటే ఒకదానిలో స్పీకరు తీగలు తిరగబడి ఉన్నాయి. ఒకటి గాలిని ముందుకు తోస్తుంటే రెండవది వెనక్కి లాగుతోంది. యాంప్ నుంచి తీగను విప్పేసి, ఆ తీగ చివర 1.5 వోల్టుల పెన్సిల్ సెల్లును ఒక్క క్షణం తాకించి స్పీకరు పొర ఎటు కదిలిందో చూడండి. సెల్లు ప్లస్ కొనను జాక్ మొనకు తాకించినప్పుడు పొర బయటికి రావాలి. రెండు పెట్టెలకూ ఒకేలా చేసి, లోపలికి పోయినదాన్ని తెరిచి వెనుక తీగలను తారుమారు చేయండి. పెట్టెలను పక్కపక్కన కాకుండా ఒకదాని మీద ఒకటి నిలబెట్టండి, పైది మీ చెవికి దగ్గరవుతుంది. కలపడానికి గిటార్ కేబుల్ వాడారేమో చూడండి. దానిలోని సన్నని తీగ వందల వాట్లకు పనికిరాదు, స్పీకరు కేబులే కావాలి. రెండు 8 ఓమ్‌ల పెట్టెలతో ఆగండి, మూడవది తగిలించకండి.

నాలుగుతీగలు (విజయవాడ)

అరువు తెచ్చినదే తిరగబడి ఉంది. సరిచేశాక ఇద్దరు వాయించినట్టు ఉంది. కాగితం మీద ఎంత పెరగాలి?

సోల్డర్‌పొగ (హైదరాబాద్)

స్పీకరు వైశాల్యం రెట్టింపైనందుకు 3, యాంప్ శక్తి పెరిగినందుకు మీ విషయంలో 2 దాపు, కలిపి 5 డెసిబెల్‌ల వరకు. శబ్దం పెంచనక్కరలేకపోతే అదే లాభాన్ని స్పీకర్లు శ్రమపడకుండా పలకడానికి వాడుకోండి.

నాలుగుతీగలు (విజయవాడ)

చివరిగా ఒకటి. వచ్చే నెల ఆరుబయట షామియానా కింద మూడు రాత్రుల కూటాలు ఉన్నాయి, జనరేటరు కరెంటు. అక్కడ స్లాబు లేదు, గోడ లేదు. రెండు పెట్టెలు చాలతాయా?

జెర్సీబేస్ (న్యూజెర్సీ)

జనానికి చాలవు, మీకు చాలతాయి. ఆరుబయట దూరం రెట్టింపైనప్పుడల్లా 6 డెసిబెల్‌లు పోతూ ఉంటాయి, తిప్పి పంపే గోడలు ఉండవు. యాంప్ వెనుక ఉన్న డి.ఐ. అవుట్ (మిక్సరుకు నేరుగా సంకేతం పంపే రంధ్రం) నుంచి సౌండు వారి మిక్సరుకు తీగ ఇవ్వండి, దాన్ని ప్రీ అనే స్థానంలో ఉంచండి. అప్పుడు మీరు మీ కోసం నాబ్‌లు ఎలా తిప్పుకున్నా జనానికి వెళ్లే శబ్దం మారదు. మీ పెట్టెలు మీకూ డ్రమ్స్ తమ్ముడికీ మాత్రమే. వారి దగ్గర సబ్ వూఫర్లు లేకపోతే మీ ఛానలు మీద, అడుగు శబ్దాన్ని కోసే లో-కట్ బటన్ నొక్కమని అడగండి.

సోల్డర్‌పొగ (హైదరాబాద్)

తీగ ఇవ్వగానే బుయ్యిమని మోత వస్తే డి.ఐ. పక్కనున్న గ్రౌండ్ లిఫ్ట్ బటన్ నొక్కండి. మోత పోవాలని ప్లగ్గు ఎర్త్ పిన్నును మాత్రం ఎవరు చెప్పినా విరగ్గొట్టవద్దు. తడి నేల మీద, జనరేటరు కరెంటుతో, ఒక చేత్తో తీగలు పట్టుకుని పెదవులు మైకుకు ఆనించేవారు ప్రాణాలతో ఆడుకున్నట్టే. ఎర్త్ కడ్డీ పాతారో లేదో ముందే అడగండి.

పాతవాల్వు (చెన్నై)

వాట్ల విషయంలో సోల్డర్‌పొగ గారి లెక్కను ఒప్పుకుంటున్నాను, వాల్వు మీద నా ప్రేమ మాత్రం అలాగే ఉంటుంది. నాలుగుతీగలు గారూ, అరువు పెట్టెను తిరిగి ఇచ్చేయవలసి వస్తే నాకు రాయండి. మా ఇంటి అటక మీద 8 ఓమ్‌ల 15 అంగుళాల క్యాబినెట్ ఒకటి ఊరికే పడి ఉంది, వచ్చి తీసుకెళ్లేవారికి ఉచితం. ఇద్దరు రండి.